నక్షా నుండి నమూనాకు

ఏ భవనమైనా నేలమీద లేవకముందు శిల్పి మనస్సులో లేస్తుంది. మనస్సులోని భవనం చెక్కుచెదరనిది. నేలమీది భవనంలో గోడ వంకర ఉంటే బాటసారికి కూడా తెలిసిపోతుంది. ఈ రెండింటికీ నడుమ రాయబారిగా నిలిచేది నక్షా. రాయబారి సమర్థుడైతే మాట చెడకుండా చేరుతుంది. కాకపోతే చెప్పినవారి భావమొకటి, విన్నవారు గ్రహించినదొకటి అవుతుంది. కట్టడాల చరిత్రలో ఎన్నో తగాదాలకు, ఎంతో వృథా వ్యయానికి మూలం ఈ రాయబారంలోని లోపమే.

ప్రాచీన భారతీయ వాస్తుగ్రంథాలు శిల్పులను నాలుగు తెగలుగా చెప్పాయి. ‘మయమతం’ ప్రకారం స్థపతి కార్యమంతటికీ అధిపతి. సూత్రగ్రాహి నూలు పట్టి కొలతలు నిర్ణయించేవాడు. తక్షకుడు రాతిని, కొయ్యను చెక్కేవాడు. వర్ధకి చెక్కిన భాగాలను కూర్చి నిలబెట్టేవాడు. ఊహించేవాడు, కొలిచేవాడు, కట్టేవాడు ఒకే బృందంలోని వారు కావడం ఈ విభజనలోని విశేషం. ఐరోపాలో 15వ శతాబ్దంలో ఇటలీకి చెందిన లియోన్ బతిస్తా ఆల్బెర్తి వంటి పండితులు ఊహించడం వేరు, కట్టడం వేరు అనే భావానికి బలం చేకూర్చారు. వాస్తుశిల్పి గీస్తాడు, ఇతరులు కడతారు. క్రమంగా గీసే గదికీ, కట్టే నేలకూ మధ్య దూరం పెరిగింది. ఆ దూరాన్ని పూడ్చే భారమంతా కాగితం మీద పడింది.

ఆ కాగితానికి ఒక భాష ఉంది. పైనుండి చూసినట్లు గీసేది ప్లాను, ఎదుటినుండి చూసినట్లు గీసేది ఎలివేషను, భవనాన్ని నిలువునా కోసినట్లు చూపేది సెక్షను. మూడింటినీ మనస్సులో కలుపుకొంటేనే రూపం బోధపడుతుంది. మూడు గదుల ఇంటికి తాపీమేస్త్రీకి ఒక్క కాగితం చాలు. మిగిలినది అతని అనుభవమే చెబుతుంది. పెద్ద ఆసుపత్రికో, విమానాశ్రయానికో వందలాది, ఒక్కొక్కప్పుడు వేలాది కాగితాలు కావాలి. స్తంభాలను, దూలాలను లెక్కకట్టే ఇంజనీరు ఒకరు, విద్యుత్తు తీగల దారిని నిర్ణయించేవారు మరొకరు, నీటి గొట్టాలను గీసేవారు వేరొకరు, ఏసీ డక్టులను గీసేవారు ఇంకొకరు. ఎవరి కాగితం వారిదే. ఒక కాగితంలో కిటికీ రెండడుగులు పక్కకు జరిగితే, దానికి సంబంధించిన పది కాగితాలను ఎవరో ఒకరు గుర్తుపెట్టుకొని దిద్దాలి. ఒక్కటి మరచిపోయినా చాలు. డక్టు వెళ్ళవలసిన చోట దూలం అడ్డంగా ఉందన్న సంగతి ఆ దూలానికి కాంక్రీటు పోసి, అది గట్టిపడిన తరువాతగాని బయటపడదు.

1980లలో వాస్తుశిల్పుల కార్యాలయాలలో కంప్యూటర్లు ప్రవేశించాయి. 1982లో వెలువడిన ఆటోక్యాడ్ వంటి ప్రోగ్రాములు గీతబల్లను, టీ-స్క్వేరును మూలకు నెట్టాయి. గీతలు చెరిపి మళ్ళీ గీయడం సులువైంది, ప్రతులు తీయడం త్వరితమైంది. అంతమాత్రాన రాయబారి మారలేదు. కంప్యూటరు తెరమీది రెండు సమాంతర రేఖలు మనిషి కంటికి గోడ. కంప్యూటరుకు అవి రెండు రేఖలే. ఇటుకల సంగతి గాని, గోడ ఎత్తు గాని దానికి తెలియదు. కాగితం మీద ఉన్న చిక్కులన్నీ తెరమీదికి నడిచివచ్చాయి.

చార్లెస్ ఈస్ట్‌మన్ అనే అమెరికన్ ఆచార్యుడు ఈ పరిమితిని చాలా ముందుగానే గ్రహించాడు. భవన రూపకల్పనలో నక్షాలకు బదులుగా కంప్యూటర్లను ఉపయోగించడమెలాగో 1975లో ఒక వ్యాసంలో వివరించాడు. అతడు సూచించిన మార్గంలో గీతలకు ప్రాధాన్యం లేదు. గోడను గోడగానే, దూలాన్ని దూలంగానే కంప్యూటరుకు తెలపాలి. గోడకు పొడవు, ఎత్తు, మందం, దాని పదార్థం, అందులోని తలుపులు, కిటికీలు అన్నీ ఒకేచోట నమోదు కావాలి. ప్లాను, ఎలివేషను, సెక్షను ఆ ఒక్క నమూనానుండి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకొనే దృశ్యాలు మాత్రమే. కిటికీని జరిపితే అన్ని దృశ్యాలలోనూ, చివరకు కిటికీల పట్టికలోనూ అది తనంత తానే జరుగుతుంది. గొట్టం దూలాన్ని ఢీకొంటే ఆ సంగతి తెరమీదే తెలుస్తుంది. బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, అనగా భవన సమాచార నమూనా పద్ధతి అని నేడు పిలిచేది దీనినే. హంగరీ రాజధాని బుడాపెస్టులో రూపొందిన ఆర్కిక్యాడ్ 1980లలోనే ఈ దారి పట్టినా, ఈ పేరు 2002 తరువాతగాని అంతటా వ్యాపించలేదు. ఆ ఏడాదే ఆటోక్యాడ్‌ను తయారుచేసిన ఆటోడెస్క్ సంస్థ రెవిట్ అనే నమూనా ప్రోగ్రామును కొనుగోలు చేసింది.

పేరు స్థిరపడకముందే ఒక వాస్తుశిల్పి కార్యాలయం ఈ మార్పులోకి దిగవలసివచ్చింది. కుతూహలంకొద్దీ కాదు, గత్యంతరం లేక. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో ఉన్న ఆ కార్యాలయం ఫ్రాంక్ గేరీది.

గేరీ 1929లో కెనడాలోని టొరాంటో నగరంలో పుట్టాడు. బాల్యంలో నాయనమ్మ, అమ్మమ్మల ఇళ్ళలో పిల్లలు చూసే చిన్నచిన్న విషయాలు ఎంత దూరం వెంటవస్తాయో అతని జీవితం చూపుతుంది. అమ్మమ్మ కొయ్యముక్కలను నేలమీద పోసి మనుమడితో కలిసి ఊళ్ళు, వంతెనలు కట్టేది. వంటకోసం బజారునుండి ప్రాణంతో ఉన్న కార్ప్ చేపను తెచ్చి స్నానపు తొట్టిలో వదిలేది. మన బొచ్చె, రోహు చేపలు కూడా ఆ కుటుంబానివే. తొట్టిలో మెలికలు తిరిగే ఆ చేప అతని మనస్సునుండి పోలేదు. 1947లో కుటుంబం లాస్ ఏంజెలెస్ చేరింది. 1962లో అతడు సొంత కార్యాలయం తెరిచాడు. కొయ్యదిమ్మెలు, అట్టలు, నలిపిన కాగితాలతో చేతులారా నమూనాలు కట్టి, వాటి చుట్టూ తిరిగి చూసి, చింపి మళ్ళీ కట్టడం అతని పని తీరు. అతని గోడలు రానురాను వంపులు తిరగసాగాయి. చిక్కు అక్కడ మొదలైంది. నిటారు గోడకు రెండు కొలతలు చాలు. ప్రతిచోటా ప్రతి దిక్కుకూ వంగే గోడను ప్లానులో, సెక్షనులో ఎలా చెప్పాలి?

జర్మనీలోని వైల్ ఆమ్ రైన్ పట్టణంలో 1989లో పూర్తయిన విట్రా డిజైన్ మ్యూజియంలో మెలిమెట్ల రూపాన్ని జ్యామితి పద్ధతిలో గీసి పంపారు. గీసినవారు సమర్థులు, కట్టినవారూ సమర్థులే. అయినా మెట్ల వంపు శిల్పి ఊహించినంత నునుపుగా రాలేదు, ఒకచోట విరిగినట్లయింది. ఊహకూ, చేతికీ మధ్యనున్న కాగితం ఆ వంపును మోయలేకపోయింది.

దానికంటె పెద్ద పరీక్ష సొంత నగరంలోనే ఎదురైంది. వాల్ట్ డిస్నీ భార్య లిలియన్ డిస్నీ 1987లో ఒక సంగీత మందిరం కోసం 5 కోట్ల డాలర్లు విరాళమిచ్చింది. 1988 పోటీలో గేరీ రూపకల్పన గెలిచింది. నిర్మాణానికి కావలసిన నక్షాలను సిద్ధంచేసే బాధ్యతను మరొక సంస్థకు అప్పగించారు. వంపుల గోడలను మామూలు నక్షాలలోకి దించే ప్రయత్నంలో పని చిక్కుబడింది. ఖర్చు అంచనాలు ఎగబాకాయి. ఆర్థికమాంద్యం వల్ల విరాళాలు తగ్గాయి. 1994లో పని ఆగిపోయింది. భూగర్భంలో వాహనాలు నిలిపే స్థలం సిద్ధమైంది గాని, దానిపై మందిరం లేదు. గేరీ భవనాలు కాగితంమీద అందంగా ఉంటాయే తప్ప కట్టడానికి రావన్న మాట నగరంలో వినిపించింది. ఒక వాస్తుశిల్పికి ఇంతకంటె పెద్ద నింద లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తెలియని రూపాన్ని చూసి గుత్తేదారు భయపడతాడు. భయపడినవాడు తన నష్టానికి ముందుగానే అదనపు మొత్తం చేర్చి టెండరు వేస్తాడు. వంపు గోడకు అయ్యే నిజమైన ఖర్చు కొంత, దానిని అర్థం చేసుకోలేకపోవడానికి అయ్యే ఖర్చు మరికొంత. ఈ రెండవ ఖర్చును తగ్గించగలిగితేనే ఆ కార్యాలయానికి భవిష్యత్తు ఉంటుంది.

అందుకు దారి చూపినది ఒక చేప. 1992 ఒలింపిక్ క్రీడల సందర్భంగా స్పెయిన్‌లోని బార్సిలోనా తీరంలో సుమారు 56 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు ఉండే లోహపు చేపను గేరీ రూపొందించాడు. క్రీడలు మొదలయ్యే తేదీ మారదు గనుక గడువు మారదు. కొద్దికాలం క్రితమే కార్యాలయంలో చేరిన జిమ్ గ్లింఫ్ అనే వాస్తుశిల్పి కంప్యూటరు సాయం తీసుకోవాలని సంకల్పించాడు. తొలుత చేసిన కంప్యూటరు నమూనా చేప దేహాన్ని చిన్నచిన్న చదును పలకలుగా మాత్రమే చూపగలిగింది. బొమ్మగా చూడటానికి అది చాలు. కట్టేవాడికి చాలదు. దేహంమీద ఏ బిందువు ఎక్కడ ఉందో కచ్చితంగా చెప్పే సాధనం కావాలి.

ఆ సాధనం భవన నిర్మాణ రంగంలో దొరకలేదు, విమానాల కార్ఖానాలో దొరికింది. మిరాజ్ యుద్ధవిమానాలను తయారుచేసిన ఫ్రాన్స్‌లోని దసో సంస్థ 1970ల చివర కాటియా అనే ప్రోగ్రామును రూపొందించింది. రెక్కల వంపును అది పలకలుగా కాక గణిత సమీకరణాలుగా గుర్తుంచుకొంటుంది. కాబట్టి ఆ వంపుమీది ఏ బిందువును అడిగినా దాని స్థానాన్ని చెప్పగలదు. బోయింగ్ 777 విమానం రూపకల్పనకు వాడినది కూడా ఈ ప్రోగ్రామే. విమానం రెక్కకూ చేప మొప్పకూ కంప్యూటరు దృష్టిలో భేదం లేదు. నమూనానుండి నేరుగా తీసిన కొలతలతో ఉక్కు భాగాలు తయారయ్యాయి. చేప గడువులోగా నిలబడింది.

ఆ విజయం తరువాత కార్యాలయం పని తీరు మారింది. మార్పు జరిగిన విధానం ఆలోచింపదగినది. గేరీ కంప్యూటరు ముందు కూర్చోలేదు. దానిని నడపడం నేర్చుకోనూ లేదు. 2025లో 96 ఏళ్ళ వయసులో మరణించినంతవరకు అతని ఊహకు ఆధారం చేతిగీతలు, చేతినమూనాలే. అట్టతో, కొయ్యతో చేసిన నమూనాపై ఒక సూచికను ఆనించి, వందలాది బిందువుల స్థానాలను కంప్యూటరుకు ఎక్కించేవారు. కంప్యూటరు ఆ బిందువులను కలిపి ఉపరితలాన్ని సిద్ధంచేసేది. దానినుండి యంత్రంతో మళ్ళీ ఒక చిన్న నమూనా చెక్కించి మొదటిదాని పక్కన పెట్టేవారు. రెండూ ఒకటేనా అని గేరీ చూసేవాడు. కానిచోట దిద్దేవారు. యంత్రాన్ని చూసి ఊహను కుదించుకొనే కార్యాలయాలే ఎక్కువ. ఇక్కడ యంత్రమే ఊహవెంట నడిచింది. ఇందుకు వాస్తుశిల్పులు, విమానరంగం అనుభవమున్న నిపుణులు ఒకే బల్లచుట్టూ చేరవలసివచ్చింది. ఒకరి పరిభాష మరొకరికి కొత్త.

ఈ పద్ధతికి లోకప్రసిద్ధి తెచ్చినది స్పెయిన్‌లోని బిల్బావో నగరంలో నెర్వియోన్ నది ఒడ్డున వెలసిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం. ఓడలు, ఉక్కు తయారీలతో బతికిన ఆ నగరం 1980లలో పరిశ్రమలు మూతపడి కుంగిపోయింది. మ్యూజియానికి ఉక్కు కట్టినవారిలో ఆ పరిశ్రమల నైపుణ్యమే ఉపయోగపడింది. కాటియా నమూనాలోని కొలతలు ఉక్కు పనివారు వాడే మరొక ప్రోగ్రాములోకి నేరుగా వెళ్ళాయి. ప్రతి ఉక్కుముక్కకు బార్‌కోడ్ అతికించారు. నిర్మాణ స్థలంలో ఆ కోడ్ చదివితే ముక్క చేరవలసిన చోటు నమూనాలో తెలిసేది. లేజరు పరికరాలతో దానిని అక్కడికే చేర్చేవారు. వంపుల దేహంపై సుమారు 33,000 టైటానియం రేకులు పొదిగారు. ఒక్కొక్క రేకు మందం అర మిల్లీమీటరుకంటె తక్కువ. మబ్బు పట్టినప్పుడు ఆ రేకులు ఒక రంగులో, ఎండలో మరొక రంగులో కనిపిస్తాయి. 1997 అక్టోబరులో మ్యూజియం తెరుచుకొంది. అనుకొన్న కాలంలో, అనుకొన్న వ్యయంలో పూర్తికావడం, అంతకుముందు వచ్చిన నిందకు సమాధానమైంది.

బిల్బావోను చూసిన తరువాత లాస్ ఏంజెలెస్ తన సంగీత మందిరాన్ని మళ్ళీ తలచుకొంది. 1999లో పని తిరిగి మొదలైంది. ఈసారి నక్షాలను సిద్ధంచేసే బాధ్యత గేరీ కార్యాలయానిదే. మొదట రాతితో అనుకొన్న పైపొర స్టెయిన్‌లెస్ స్టీలుగా మారింది. సుమారు 27 కోట్ల 40 లక్షల డాలర్ల వ్యయంతో 2,265 మంది కూర్చోగల వాల్ట్ డిస్నీ కాన్సర్ట్ హాల్ 2003 అక్టోబరులో ప్రారంభమైంది.

బాధ్యత అనే మాట ఇక్కడ ఊరకే వచ్చినది కాదు. కాగితాల కాలంలో కొలత తప్పితే గుత్తేదారు శిల్పి నక్షాను చూపేవాడు, శిల్పి గుత్తేదారు అజాగ్రత్తను చూపేవాడు. మధ్యలో న్యాయవాదులు. అందుకే చాలామంది శిల్పులు కొలతల విషయంలో గుత్తేదారులకు దూరంగా ఉండటమే క్షేమమని భావించేవారు. గేరీ కార్యాలయం దీనికి విరుద్ధంగా నడిచింది. నమూనాను కట్టేవారి చేతికే ఇచ్చి, కొలతలకు మూలం అదేనని ఒప్పుకొంది. దీనివల్ల శిల్పికి భారం పెరిగింది. దానితోపాటు శతాబ్దాలుగా చేజారుతున్న అధికారమూ కొంత తిరిగివచ్చింది. కంప్యూటరు ప్రోగ్రాము ఎవరైనా కొనుక్కోవచ్చు. తప్పు జరిగితే జవాబుదారీ వహించడానికి సిద్ధపడటమే ఈ కథలో అరుదైన అంశం.

నమూనా సర్వజ్ఞమని అనుకోరాదు. డిస్నీ మందిరంలో అద్దంలా మెరిసే కొన్ని వంపు గోడలు ఎండను పొరుగు ఇళ్ళమీదికి మళ్ళించాయి. వేడి, కాంతి భరించలేక ఆ ఇళ్ళవారు మొరపెట్టుకొన్నారు. 2005లో ఆ గోడల మెరుపును అరగదీయవలసివచ్చింది. 2004లో ప్రారంభమైన మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వారి స్టాటా సెంటర్‌లో నీరు కారుతోందని, పగుళ్ళు వచ్చాయని ఆ సంస్థ 2007లో దావా వేసింది. 2010లో రాజీ కుదిరింది. గోడ ఎక్కడ ఉన్నదో నమూనా చెబుతుంది. ఎండ దానిపై పడి ఎటు మళ్ళుతుందో, వాననీరు ఏ సందులో దూరుతుందో అడిగితేనే చెబుతుంది. అడగాలని తోచేది మాత్రం కట్టడాలు చూసి, వానలో తడిసిన అనుభవమున్న మనిషికే.

గేరీ కార్యాలయంలోని అనుభవం ఇతరులకు పంచడానికి 2002లో గేరీ టెక్నాలజీస్ అనే సంస్థ వెలిసింది. కాటియాను భవనాలకు అనువుగా మలచి డిజిటల్ ప్రాజెక్ట్ అనే ప్రోగ్రామును అది అందించింది. 2014లో ఆ సంస్థను ట్రింబుల్ కొనుగోలు చేసింది. అదే ఏడాది పారిస్‌లో ప్రారంభమైన లూయీ వ్యూటన్ ఫౌండేషన్ భవనానికి గేరీ గాజు తెరచాపలు తొడిగాడు. అందులో 3,600 గాజు పలకలున్నాయి. అంతటి పనిని కాగితంమీద గీసి చూపడం ఎవరికి సాధ్యం? బ్రిటిష్ ప్రభుత్వం 2016 ఏప్రిల్ నుండి కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలకు నమూనా పద్ధతిని తప్పనిసరి చేసింది. ఇప్పుడిది ప్రసిద్ధుల సొత్తు కాదు, సాధారణ కార్యాలయాల నిత్యకృత్యం.

ఆ సాధారణ కార్యాలయాలకు మాత్రం ఈ మార్పు పండుగలా రాలేదు. ప్రోగ్రాముల ఖరీదు ఎక్కువ. శిక్షణకు నెలలు పడుతుంది. మొదటి భవనం పాత పద్ధతికంటె ఆలస్యమవుతుంది. గీతలో ముప్పై ఏళ్ళు చేయితిరిగిన పెద్దలు, నిన్న చదువు ముగించి వచ్చిన కుర్రవాడిని అడగవలసివస్తుంది. ఆ కుర్రవాడికేమో తెరమీద గోడ లేపడం తెలుసు గాని, ఆ గోడకు తడి ఎక్కడ పట్టాలో, ఎన్నాళ్ళు పట్టాలో తెలియదు. గీసేటప్పుడు చేయి నెమ్మదిగా కదిలేది, ఆలోచనకు వ్యవధి దొరికేది. నమూనా మొదటి రోజునుండే దూలం మందం అడుగుతుంది, తలుపు రకం అడుగుతుంది. ఇంకా తేలని విషయానికి తేలినట్లు జవాబివ్వవలసిన ఇబ్బంది అది. ఇద్దరినీ ఒకే బల్లవద్ద కూర్చోబెట్టిన కార్యాలయాలు నిలదొక్కుకొన్నాయి. పెద్దలను పక్కకు నెట్టినవారు వేగంగా తప్పులు చేశారు.

ఈ మార్పులో తెలుగువారి చేతులూ ఉన్నాయి. హైదరాబాదులోని అనేక కార్యాలయాలలో యువ ఇంజనీర్లు అమెరికా, ఐరోపా, గల్ఫ్ దేశాల భవనాలకు నమూనాలు సిద్ధంచేస్తున్నారు. తాము ఎన్నడూ అడుగుపెట్టని ఆసుపత్రిలో నాలుగవ అంతస్తు పైకప్పు లోపల ఏ గొట్టం ఏ దూలం కిందుగా పోతుందో వారికి కచ్చితంగా తెలుసు. సాయంకాలం వారు తిరిగివెళ్ళే వీధిలో కొత్త ఇల్లు లేస్తూ ఉంటుంది. మేస్త్రీ చేతిలో మడతలుపడిన ఒకే ఒక కాగితం, దానిమీద సిమెంటు మరకలు, అంచున పెన్సిలుతో దిద్దిన కొలత ఒకటి.